దేవదాసుకు జాలి.. సావిత్రికి నింద
తెర మీద రాణించి, తెర వెనుక మెగాఫోన్ పట్టిన చిర్రావూరు ఆడపడుచు

తాడేపల్లి: డిసెంబరు 26 మహానటి సావిత్రి వర్ధంతి. 1981లో అదే రోజున మద్రాసులో ఆమె కన్నుమూశారు. ఏటా ఆ తేదీ సమీపించగానే ఆమె అభినయాన్ని వేనోళ్ల కొనియాడటం, ఆ వెంటనే చివరి రోజుల దుస్థితిని తలచుకుని నిట్టూర్చడం ఆనవాయితీగా మారింది. ఈ కీర్తనకు, ఆ నిట్టూర్పుకు నడుమ ఒక ముఖ్యమైన అధ్యాయం మరుగున పడిపోతోంది. కథానాయికగా అగ్రస్థానాన్ని అధిష్ఠించిన ఈ జిల్లా ఆడపడుచు 1968 నుంచి 1971 వరకు తెలుగు, తమిళ భాషల్లో చిత్రాలకు దర్శకత్వం వహించారు. మగవారి గుత్తాధిపత్యంలో ఉన్న రంగంలో స్త్రీలను సాంకేతిక నిపుణులుగా నిలబెట్టేందుకు పూనుకున్నారు. ఆ ప్రయత్నాన్ని మరచి, కేవలం పతనగాథగా ఆమె జీవితాన్ని చెప్పుకోవడం ఎంతవరకు న్యాయమో ఆలోచించవలసి ఉంది.

చిర్రావూరు నుంచి చెన్నపట్నానికి

గుంటూరు జిల్లా తాడేపల్లి మండలంలో, కృష్ణానదికి చేరువలో ఉన్న చిర్రావూరు సావిత్రి స్వగ్రామం. నిశ్శంకర గురవయ్య, సుభద్రమ్మ దంపతులకు 1930ల మధ్యకాలంలో ఆమె జన్మించారు. ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడే తండ్రి మరణించారు. ఇంటి పెద్దదిక్కును కోల్పోయిన తల్లి, ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని విజయవాడలోని అక్క దుర్గాంబ ఇంటికి చేరారు. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య చౌదరి సంరక్షణలోనే సావిత్రి పెరిగారు.

విజయవాడలో చదువుకుంటూనే శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి వద్ద సంగీత నృత్యాలు అభ్యసించారు. చిన్న వయసులోనే రంగస్థలం ఎక్కారు. కాకినాడలో జరిగిన నాటక పోటీల్లో పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకున్నారు. ఆడపిల్లలు నాటకాల్లో వేషం కట్టడాన్ని నలుగురూ చిన్నచూపు చూసే రోజులవి. అయినా ఆ కుటుంబం వెనుకడుగు వేయలేదు. పెదనాన్న ఆమెను వెంటబెట్టుకుని మద్రాసు వెళ్లి స్టూడియోల గడప తొక్కారు.

అక్కడ ఆమెకు ఎవరూ ఎర్రతివాచీ పరచలేదు. 1950లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన 'సంసారం'లో తొలుత అనుకున్న పాత్ర చేజారి చిన్న వేషమే మిగిలింది. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఒక నృత్య సన్నివేశానికి పరిమితమయ్యారు. 1952లో విడుదలైన 'పెళ్లి చేసి చూడు'లో రెండో నాయికగా కనిపించి ప్రేక్షకుల దృష్టిలో పడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన ఒక్క చిత్రం ఆమె జాతకాన్ని మార్చివేసింది.

పార్వతి వేసిన ముద్ర

శరత్‌చంద్రుని నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వెలువడిన 'దేవదాసు'లో సావిత్రి పార్వతి పాత్ర ధరించారు. ప్రేమించినవాడు ధైర్యం చేయలేక వెనుదిరిగితే, పార్వతి వయసు మళ్లిన జమీందారును పెళ్లాడి, తన ఈడు పిల్లలకు తల్లి స్థానంలో నిలబడుతుంది. దేవదాసు మద్యానికి బానిసై, చివరకు ఆమె ఇంటి ముంగిటనే ప్రాణం విడుస్తాడు. కడసారి చూపు కోసం పరుగెత్తిన పార్వతికి వాకిలి తలుపులు మూసుకుపోతాయి.

ఆ చిత్రం చూసి కన్నీరు పెట్టని తెలుగువారు అరుదు. అయితే ఆ కన్నీటిలో అధిక భాగం దేవదాసుకే దక్కింది. తప్పతాగి తనను తాను నాశనం చేసుకున్న మగవాడు మన ఊళ్లలో అమర ప్రేమికుడిగా స్థిరపడిపోయాడు. బతికి ఉండి, బాధ్యతలు మోస్తూ, నోరు మెదపక దుఃఖాన్ని దిగమింగిన పార్వతి మాత్రం త్యాగమూర్తి అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవలసి వచ్చింది. పాతికేళ్ల తర్వాత సావిత్రి జీవితంలోనూ ఇదే తూకం పునరావృతం కావడం గమనార్హం.

కాకపోతే సావిత్రిని కేవలం ఏడుపు పాత్రల నటిగా భావిస్తే పొరపాటే. 1955 ఆమెకు స్వర్ణసంవత్సరం. ఆ ఏడాది వచ్చిన 'మిస్సమ్మ'లో చదువుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ, ఎవరికీ తలవంచని మేరీగా ఆమె కనిపించారు. కొలువు కోసం భార్యాభర్తలుగా నటించవలసి వచ్చినా, ఆ ఒప్పందపు హద్దులు దాటనివ్వని ఆత్మాభిమానం ఆ పాత్ర సొత్తు. కోపాన్ని సైతం అందంగా పలికించిన నాయికగా ఆమెకు జనం నీరాజనం పట్టారు. అదే ఏడాది 'అర్ధాంగి'లో మతిస్థిమితం లేని భర్తను మనిషిగా నిలబెట్టిన ఇల్లాలిగా, 'కన్యాశుల్కం'లో లోకం పోకడ తెలిసిన మధురవాణిగా, 'దొంగరాముడు'లో కథానాయికగా రాణించారు.

'మిస్సమ్మ' వెనుక ఉన్న ఉదంతం కూడా ఇక్కడ స్మరించదగినదే. ఆ పాత్రకు తొలుత ఎంపికైనది భానుమతి. కొంత చిత్రీకరణ సైతం పూర్తయిన తర్వాత, షూటింగ్‌కు ఆలస్యంగా వచ్చారన్న వివాదంలో క్షమాపణ పత్రం రాయవలసిందిగా నిర్మాత చక్రపాణి పట్టుబట్టారు. భానుమతి ససేమిరా అన్నారు. పాత్ర చేజారింది. రెండో నాయికగా ఉన్న సావిత్రి ప్రధాన పాత్రకు మారగా, ఆమె స్థానంలోకి జమున వచ్చారు. అంతటి తారకు కూడా నిర్మాత మాటే శాసనమని ఆ ఘటన తేటతెల్లం చేసింది. అయితే భానుమతికి సొంత స్టూడియో, సొంత సంస్థ అండగా ఉన్నాయి. 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించిన అనుభవం ఉంది. సావిత్రికి అటువంటి ఆసరా ఏదీ అప్పటికి లేదు.

ఘటోత్కచుడిని ఒంట నింపుకొని

1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన 'మాయాబజార్' సావిత్రి ప్రతిభకు గీటురాయి. అందులో ఆమె శశిరేఖ మాత్రమే కాదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కూడా. ఎస్.వి.రంగారావు నడకను, కంటిచూపును, గాంభీర్యాన్ని ఆకళింపు చేసుకుని ఆడపిల్ల దేహంలో రాక్షసుడిని ఆమె ఆవిష్కరించిన తీరు నేటికీ నటనకు పాఠ్యాంశమే. సిగ్గుపడే వధువు ఒక్క క్షణంలో మీసం మెలేసే వీరుడిగా మారిపోతుంది. ఆడతనం, మగతనం అని లోకం విడదీసిన హావభావాలు రెండూ నటికి అందుబాటులో ఉన్నవేనని ఆ సన్నివేశాలు నిరూపించాయి.

ఇంతటి సామర్థ్యం ఉన్న నటికి ఆ తర్వాత లభించిన పాత్రల్లో అధికం సహనశీలి భార్య, త్యాగం చేసే చెల్లెలు, కష్టాలు భరించే తల్లి. 1960 నాటి 'చివరకు మిగిలేది'లో నర్సు పాత్ర, 1963 నాటి 'నర్తనశాల'లో సైరంధ్రి, 1964లో కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి', అదే ఏడాది నాటి 'మూగమనసులు' వంటివి ఆమె స్థాయికి తగినవి. అటు తమిళంలో 'కళత్తూర్ కణ్ణమ్మ', 'పాశమలర్' వంటి చిత్రాలతో నడిగైయర్ తిలగంగా అక్కడి ప్రేక్షకుల మన్ననలు అందుకున్నారు. రెండు భాషల్లోనూ అగ్రనటిగా వెలుగొందారు.

చేతికి ఎముక లేని దాత

సంపాదించినదాన్ని దాచుకోవడం ఆమెకు తెలియలేదన్నది ఆమెను ఎరిగినవారంతా అంగీకరించే విషయం. 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం జరిగినప్పుడు ఒంటిమీది నగలను రక్షణ నిధి నిమిత్తం ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రికి అందజేశారు. రేపల్లె సమీపంలోని వడ్డివారిపాలెంలో పాఠశాల ఏర్పాటుకు విరాళం ఇచ్చారు. అప్పట్లో ఆ ప్రాంతం గుంటూరు జిల్లాలోనిదే. 2022లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో బాపట్ల జిల్లా పరిధిలోకి వెళ్లింది. సావిత్రి గణేశన్ పేరిట నెలకొన్న ఆ ఉన్నత పాఠశాలలో పల్లె ఆడపిల్లలు అక్షరాలు నేర్చారు. తండ్రి లేని బిడ్డగా పరాయి ఊళ్లో చదువుకున్న స్త్రీ, తన వంటి పిల్లల చదువుకు చేసిన సాయం అది.

స్త్రీలతో ఒక చిత్రం

1968లో 'చిన్నారి పాపలు' చిత్రంతో సావిత్రి దర్శకురాలయ్యారు. ఈ చిత్ర నిర్మాణంలో స్త్రీలకు పెద్దపీట వేశారు. సంగీత దర్శకత్వ బాధ్యతను గాయని పి.లీల చేపట్టారు. నేపథ్య గాయనీమణులు ఎందరున్నా బాణీలు కట్టే అవకాశం స్త్రీలకు దక్కడం అపురూపమైన కాలమది. జగ్గయ్య, షావుకారు జానకి, జమున తదితరులు అందులో నటించారు.

ఆ ప్రయత్నం విలువ తెలియాలంటే నాటి స్టూడియోల పరిస్థితి తెలియాలి. కెమెరా, శబ్దగ్రహణం, కూర్పు, కళ, దర్శకత్వం వంటి శాఖలన్నీ మగవారి చేతుల్లోనే ఉండేవి. చిత్రంలో స్త్రీ పాత్ర ఎలా మాట్లాడాలో, ఎప్పుడు ఏడవాలో, ఎవరిని క్షమించాలో రాసేదీ, తీసేదీ పురుషులే. ఆ పాత్రకు ప్రాణం పోసే నటికి మాత్రం చెప్పినట్టు చేయడం తప్ప మరో పాత్ర ఉండేది కాదు. దాదాపు రెండు దశాబ్దాలు కెమెరా ముందు నిలబడిన సావిత్రి, కెమెరా వెనుక సైతం స్త్రీలు నిలబడగలరని చూపదలచారు.

1969లో ఆ కథనే తమిళంలో 'కుళందై ఉళ్ళం'గా రూపొందించారు. అదే సంవత్సరం ఎన్.టి.రామారావుతో కలిసి నటిస్తూ 'మాతృదేవత'కు దర్శకత్వం వహించారు. 1971లో 'వింత సంసారం' తీశారు. 'మూగమనసులు' కథను శివాజీ గణేశన్ కథానాయకుడిగా తమిళంలో 'ప్రాప్తం' పేరిట స్వయంగా నిర్మించి దర్శకత్వం వహించారు. 1971లోనే విడుదలైన ఆ చిత్రం పరాజయం పాలైంది. ఆస్తులు కరిగిపోయాయి. ఆదాయపు పన్ను బకాయిలు మెడకు చుట్టుకున్నాయి.

సొంత చిత్రాలు తీసి చేతులు కాల్చుకున్న కథానాయకులు, నిర్మాతలు నాటి మద్రాసులో కోకొల్లలు. వారి నష్టాన్ని వ్యాపారంలో ఒడిదుడుకుగా లోకం పరిగణించింది. సావిత్రి నష్టాన్ని మాత్రం ఆడదానికి ఎందుకీ సాహసమన్న దెప్పిపొడుపుగా మార్చింది.

ఒకే తప్పు.. రెండు తీర్పులు

నటుడు జెమినీ గణేశన్‌ను సావిత్రి 1952లో వివాహం చేసుకున్నారు. ఆయన అప్పటికే వివాహితుడు. ఆ పెళ్లి కొంతకాలం గుట్టుగా ఉండిపోయింది. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు. కాలక్రమంలో దంపతుల మధ్య ఎడబాటు ఏర్పడింది. ఈ వ్యవహారంలో లోకం నిలదీసింది, జాలిపడింది, తప్పుపట్టింది అంతా సావిత్రినే. ఆయన ప్రతిష్ఠకు పెద్దగా భంగం వాటిల్లలేదు. సరిగ్గా 'ప్రాప్తం' దెబ్బతీసిన 1971లోనే జెమినీ గణేశన్‌కు కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. సావిత్రి దర్శకురాలిగా అడుగుపెట్టిన 1968లో ఆమె సహనటులు ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావులకు ఆ గౌరవం లభించింది. వారి అర్హతను ఎవరూ కాదనరు. భానుమతికి సైతం 1966లోనే పద్మశ్రీ దక్కింది. అయితే వీరందరి సరసన సమానంగా నిలిచిన సావిత్రికి జీవితకాలంలో ఏ పద్మ పురస్కారమూ దక్కకపోవడం తెలుగువారిని నేటికీ బాధించే వాస్తవం.

ఒంటరితనం, అప్పులు, మోసాలు చుట్టుముట్టిన దశలో ఆమె మద్యానికి అలవాటుపడ్డారు. ఆరోగ్యం క్షీణించింది. తెరమీద అదే వ్యసనం దేవదాసును ప్రేమమూర్తిని చేసింది. నిజజీవితంలో అదే వ్యసనం సావిత్రిని చెడిపోయిన ఆడదానికి ఉదాహరణగా మార్చింది. రచ్చబండ మీద, పత్రికల సినీ పేజీల్లో ఆమె పేరు హెచ్చరికగా మారింది. ఇలా రాసినవారిలో మా వృత్తివారు కూడా ఉన్నారని ఒప్పుకోక తప్పదు. వ్యసనం తప్పే. ఆ తప్పుకు మగవాడికి ఒక శిక్ష, ఆడదానికి మరో శిక్ష ఉండటమే అన్యాయం.

వయసు విషయంలోనూ ఇదే వివక్ష కనిపిస్తుంది. 1920ల్లో జన్మించిన రామారావు, నాగేశ్వరరావుల కన్నా సావిత్రి పదేళ్లకు పైగా చిన్నవారు. నలభై ఏళ్లు నిండేసరికే ఆమె తల్లి, వదిన వంటి సహాయ పాత్రలకు పరిమితమయ్యారు. 1979 నాటి 'గోరింటాకు'లో దాసరి నారాయణరావు ఆమెకు మంచి పాత్ర ఇచ్చి ఆదరించారు. 1972లో 'బడిపంతులు'లో రామారావుకు మనవరాలిగా నటించిన శ్రీదేవి, అదే 1979లో 'వేటగాడు'లో ఆయన సరసన కథానాయిక అయ్యారు. సావిత్రి మరణించిన 1981లో అక్కినేని 'ప్రేమాభిషేకం'తో, రామారావు 'కొండవీటి సింహం'తో కథానాయకులుగా ఘనవిజయాలు నమోదు చేశారు. రెండింటిలోనూ శ్రీదేవియే నాయిక. మగవాడికి అనుభవంగా లెక్కకు వచ్చిన వయసు, ఆడదానికి మాత్రం ముగింపుగా పరిణమించింది.

1980 మే నెలలో బెంగళూరులో సావిత్రి అపస్మారక స్థితిలోకి వెళ్లారు. దాదాపు 19 నెలలు స్పృహ లేకుండా మంచానికే పరిమితమై, 1981 డిసెంబరు 26న తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు.

మారినదెంత..

2011లో తపాలాశాఖ అలనాటి మేటి కథానాయికల స్మారకంగా వెలువరించిన బిళ్లల్లో సావిత్రికి స్థానం కల్పించింది. 2018లో నాగ్ అశ్విన్ దర్శకత్వంలో ఆమె జీవితకథతో 'మహానటి' విడుదలైంది. స్వప్నాదత్, ప్రియాంకాదత్ అనే ఇద్దరు స్త్రీలు దానిని నిర్మించగా, నాయికగా నటించిన కీర్తి సురేష్ జాతీయ ఉత్తమనటి పురస్కారం అందుకున్నారు. సావిత్రి బతికి ఉండగా పరిశ్రమ ఇవ్వని గౌరవం, ఆమె వేషం ధరించిన నటికి లభించింది.

సావిత్రి వేసిన దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1973లో 'మీనా'తో తెలుగులో దర్శకత్వం చేపట్టిన విజయనిర్మల 44 చిత్రాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కారు. అయినప్పటికీ నేటి తెలుగు చిత్రాల్లో దర్శకురాళ్లను, ఛాయాగ్రాహకురాళ్లను వేళ్ల మీద లెక్కించవలసిందే. సెట్లలో భద్రత సంగతి చెప్పనక్కరలేదు. కేరళలో 2017లో ఏర్పాటైన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇవ్వగా, అది 2024 ఆగస్టులో గాని వెలుగు చూడలేదు. తెలుగు పరిశ్రమలో వేధింపులపై 2018లో నిరసనలు వెల్లువెత్తిన మీదట తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. 2022లో సమర్పించిన ఆ నివేదికను బహిర్గతం చేయాలని 2024లోనూ నటీమణులు కోరవలసి వచ్చింది.

చిర్రావూరు పరిసర గ్రామాల్లో ఆడపిల్ల సినిమాల్లోకి వెళతానంటే, పెద్దలు నేటికీ సావిత్రి గతి చూడమని చెబుతుంటారు. ఆ మాటలో బిడ్డ క్షేమం కోరే ఆదుర్దా ఉంది. కానీ సావిత్రి అనుభవించిన కష్టాలకు ఆమె ఆడపిల్లగా పుట్టడం కారణం కాదు, సినిమాల్లోకి వెళ్లడమూ కారణం కాదు. తన కష్టార్జితంపై తనకు పట్టు లేకపోవడం, నమ్మినవారు మోసగించడం, పడినప్పుడు చేయందించకుండా వేలెత్తి చూపడం అసలు కారణాలు. ఆడపిల్లలకు నేర్పవలసినది భయం కాదు, తమ సంపాదన లెక్క తామే చూసుకునే తెలివి. మగపిల్లలకు నేర్పవలసినది దేవదాసుపై జాలి కాదు, పార్వతి పట్ల గౌరవం.

జిల్లాలో జరిగే వర్ధంతి సభల్లో ఇకనైనా సావిత్రిని నటిగానే గాక దర్శకురాలిగా కూడా స్మరించుకోవాలి. ఆమె దర్శకత్వం వహించిన చిత్రాలను పాఠశాలల్లో, కళాశాలల్లో ప్రదర్శించే ఏర్పాటు చేయాలి. శశిరేఖను చూసి మురిసిన జిల్లా, మెగాఫోన్ పట్టిన సావిత్రిని కూడా తనదిగా చెప్పుకున్ననాడే ఆ మహానటికి నిజమైన నివాళి అర్పించినట్లవుతుంది.